పారేటి మాట

కొత్తవాడ సందు చివర, అద్దకం షెడ్డు మీది గదిల
ఆరు నుంచి ఎనిమిది దాక ఇంగ్లీషు చెప్త.
పదకొండు మంది. తొమ్మిది కుర్చీలు.
కింద గంగాళాలల్ల రంగు మరుగుతుంటే
పైన మా నల్లబోర్డుకు చెమట పడుతది.

ఆ రోజు ఒకటే మాట రాసిన: రన్.
"గింతేనా సారూ, ఎల్‌కేజీది" అన్నరు.
"ఉరుకుడు" అన్నది బైరి రవళి.
కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారైతున్నది,
పొద్దుగాల హన్మకొండల ఎనిమిది వందల మీటర్లు ఉరికొస్తది.
ఆమె బూట్లకు ఇంకా ఎర్రమన్ను.

సరే, రాసుకోండ్రి, అన్న.
వాళ్ళ బస్సు ఉరుకుతది, మన బస్సు నడుస్తది.
వాళ్ళ దుకాణం ఉరుకుతది.
మన దుకాణం, ఏదో, దేవుని దయతోని, నడుస్తది.
వాళ్ళ ముక్కు ఉరుకుతది, మనది కారుతది.
(ఇక్కడ ఐదు నిమిషాలు నవ్వులు.)
జ్వరమొస్తే వాళ్ళు దాన్ని ఉరికిస్తరు,
మన ఒళ్ళు పెనం లెక్క కాలుతది.
చాయ్‌పత్త వాళ్ళింట్ల ఉరికి బయటపడుతది,
మనింట్ల ఒడిసిపోతది.
అమెరికాల ఓట్ల కోసం ఉరుకుతరు,
మన దిక్కు నిలబడుతరు.
నిలబడ్డోళ్ళు గెలిచినంక యాడ కూసుంటరో
గ్రామర్ల లేదు.

వెనక నుంచి చిప్ప ఉప్పలయ్య లేచిండు.
మూతపడ్డ మిల్లుల వార్పింగు చేసిన మనిషి,
మనుమరాలి స్కూల్ మీటింగుల నోరు తెరిచేతందుకు వస్తడు.
"సారూ, మరి మిల్లు?"
"మిల్లు గూడ ఉరుకుతది."
"మాది నడిచింది సారు.
ఉరికిందైతే దమ్ము పోయి ఆగింది అనుకుందుము.
నడిచేది ఎందుకు ఆగుతది?"

నా చేతిల చాక్‌పీసు చిన్నగైంది.
రేపు చెప్త, అన్న.

రాత్రి అట్ట ఊడిన నిఘంటువు తీసిన.
ఆ ఒక్క మాట కింద పేజీలకు పేజీలు,
చీమల బారు లెక్క అచ్చు.
అడుగున వెయ్యేండ్ల కిందటి తాత పేరు: రిన్నన్.
నీళ్ళు పారుడు. మనిషి ఉరుకుడు. రెండిటికీ ఆయనే.
జర్మనీల ఉన్న అన్నదమ్ముడైతే
ఇప్పటికీ నీళ్ళ పనే చేసుకుంట బతుకుతున్నడట.

నిద్ర పట్టలే.
మనకు లేదా ఏంది?
పొలం పారుతది, భయపడ్డోడు పారిపోతడు,
నసీబుంటే పాచిక గూడ పారుతది.
తడికీ మడిమకూ ఒకటే మాట
ఇన్నేండ్లు నా నోట్లనే ఉన్నది,
నేను వేరేవాళ్ళ బుక్కుల దేవులాడిన.
ఉప్పలయ్యకు మాత్రం జవాబు దొరకలే.

తెల్లారి మెట్ల కాడ రవళి తాత సాంబయ్య
ఎర్ర నూలు పిండుతున్నడు, మోచేతుల దాక ఎరుపు.
జంపఖానాల తెల్ల పోగు పక్కన ఎర్రపోగు పడుతదట,
"ఒకదాంట్లకు ఒకటి పారొద్దు సారు, గంతే మా పని"
అని పిండిన నీళ్ళను ఎండకు పట్టి చూసిండు.
నీళ్ళు తేటగున్నయి.

పైన రవళి కాపీల ఒక వాక్యం:
మై గ్రాండ్‌ఫాదర్ వాక్స్ ఎ డైయింగ్ షెడ్.
స్పెల్లింగుల ఒక్క 'ఇ' మరిచింది,
అద్దకం షెడ్డు కాస్త
చావుబతుకుల షెడ్డయింది.
'ఇ' పెట్టిన. 'వాక్స్' కొట్టేసిన.
'రన్స్' అని రాసి, మళ్ళ చూసి,
ఆ ముసలాయన మెట్లెక్కే తీరు యాదికొచ్చి
అర మార్కు ఇచ్చిన.

కిటికీల నుంచి ఆవిరి వచ్చింది.
కాపీ తడిసింది.
నా ఎర్రసిరా మెల్లగ
ఆ పిల్ల నీలిసిరాలకు పారింది.

చాయ్ తెచ్చిన సాంబయ్య వంగి చూసిండు,
ఒక్కక్షరం చదవరాదు ఆయనకు.
"కచ్చా రంగు సారు" అన్నడు,
"ఉప్పెయ్యలేదా?"